అమ్మ నడుము కోసం పాత స్విఫ్ట్‌కి కొత్త షాకులు, స్ప్రింగులు: ప్రాజెక్టు డైరీ

2025 జనవరి 16, ముక్కనుమ

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఒక రోజు ఆగి ఈ పూట ఊరి నుంచి గుంటూరు వచ్చేశాం. కారులో నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు, అమ్మ. డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు, కందిపప్పు, అరిసెల డబ్బాలు. పిడుగురాళ్ల ఇవతల సున్నపురాయి లారీలు నలగ్గొట్టిన రోడ్డు మీద ఒక కల్వర్టు ఎక్కి దిగేసరికి వెనక నుంచి 'దబ్' అని గట్టిగా తగిలింది. దాని తర్వాత కూడా కారు రెండు మూడు సార్లు పడవలా ఊగింది. అద్దంలో చూస్తే అమ్మ శాలువా మడతపెట్టి నడుము వెనక పెట్టుకుంటోంది. ఒక్క మాట అనలేదు. సత్తెనపల్లి చేరేలోపు ఆ శాలువాని మూడుసార్లు సర్దుకుంది.

మాది 2013 స్విఫ్ట్ వీడీఐ, 1.3 లీటర్ల డీజిల్. తిరిగింది 1,18,400 కిలోమీటర్లు. షాకులు, స్ప్రింగులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే, ఇంతవరకు చెయ్యి పెట్టలేదు. ఇంజను బాగుంది, బాడీకి తుప్పు లేదు, మైలేజీ ఇస్తోంది. కారు మార్చే ఆలోచన లేదు. అందుకని ఈ సస్పెన్షన్ పని సరిగ్గా, తొందరపడకుండా చేద్దామని నిర్ణయించుకున్నాను. ఏ రోజు ఏం చేసిందీ ఇక్కడ రాసుకుంటాను.

జనవరి 19, ఆదివారం

ముందు కొలతలు. ఏ భాగమూ విప్పకముందే ఇప్పుడున్న పరిస్థితి కాగితం మీద ఉండాలి. లేకపోతే కొత్తవి వేశాక 'బాగుంది' అనిపించడం తప్ప ఇంకేమీ మిగలదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చదునుగా ఉన్న చోట కారు పెట్టి, నాలుగు టైర్లలో గాలి సరిచేసి, చక్రం నడిమధ్య నుంచి నేరుగా పైకి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచాను. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా కూడా లెక్కలోకి వస్తాయి. చక్రం మధ్య నుంచి కొలిస్తే ఆ గొడవ ఉండదు.

ఖాళీ కారుకి ముందు ఎడమ 349 మిల్లీమీటర్లు, ముందు కుడి 356. వెనక రెండు వైపులా 371. ఎడమ ముందు చక్రం 7 మిల్లీమీటర్లు కిందికి ఉంది. మన రోడ్ల మీద అంచు గుంతలన్నీ ఎడమ చక్రమే తింటుంది, అందుకే కావచ్చు.

తర్వాత బరువుతో. పక్క ఫ్లాట్ వాళ్లబ్బాయిని, మా ఆవిడని, పిల్లల్ని వెనక సీట్లో, ముందు సీట్లో సర్ది, ఇంకా తినని బియ్యం బస్తాలు మళ్లీ డిక్కీలోకి ఎక్కించాను. వెనక 371 కాస్తా 309 అయింది. అంటే 62 మిల్లీమీటర్లు కుంగింది. ఈ 62 అన్న అంకె గుర్తుపెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది.

టైర్లు చేత్తో నిమిరి చూశాను. వెనక ఎడమ టైరు లోపలి అంచున అలలు అలలుగా ఎత్తుపల్లాలు తగిలాయి. షాకు చక్రాన్ని అదుపు చేయలేకపోతే అది రోడ్డు మీద గెంతుతూ పోతుంది. ఆ గెంతిన చోటల్లా రబ్బరు అరిగిపోతుంది. హైవే మీద వినపడే 'ఊఁ' అనే చప్పుడు బేరింగుదని ఇన్నాళ్లూ అనుకున్నాను. టైరుది అది.

జనవరి 25, శనివారం

మా వీధి చివర మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా కార్ల పనే ఆయనది. బానెట్ మూల మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కి వదిలాడు. కారు పైకి లేచి కొంచెం కిందికొచ్చి ఆగింది. "ఈ పరీక్షకి పూర్తిగా చచ్చిన షాకే దొరుకుద్ది బాబూ, సగం చచ్చింది దొరకదు" అన్నాడు. చేత్తో ఊపే వేగం వేరు, 80లో పోతుంటే గుంత కొట్టే వేగం వేరు. షాకు లోపల ఉండే వాల్వులు రెండు వేగాలకీ రెండు రకాలుగా పనిచేస్తాయి.

ఆయన చేసిన అసలు పరీక్ష నాకు చాలా నచ్చింది. కారు తీసుకుని గతుకుల రోడ్డు మీద పది కిలోమీటర్లు తిరిగొచ్చాం, బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ. దిగగానే చెయ్యి లోపలికి పెట్టి నాలుగు షాకుల ఒంటినీ తాకి చూడమన్నాడు. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక ఎడమది మాత్రం చల్లగా ఉంది.

షాకు అబ్జార్బర్ పనే వేడెక్కడం. కారు బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడితే స్ప్రింగు ఆ దెబ్బని దాచుకుని మళ్లీ బయటికి తోస్తుంది. ఆపేవాళ్లు లేకపోతే అలా ఊగుతూనే ఉంటుంది. షాకు లోపలి పిస్టన్ ఆ ఊపుని సన్నటి రంధ్రాల గుండా నూనెను నెట్టడానికి ఖర్చు చేయిస్తుంది. ఊపు వేడిగా మారి గాలిలో కలుస్తుంది. కాబట్టి గతుకుల్లో తిరిగొచ్చినా వేడెక్కలేదంటే ఆ షాకు పని చేయడం లేదన్నమాట.

కింద నుంచి చూస్తే వెనక ఎడమ షాకు ఒళ్లంతా నూనె, దాని మీద మట్టి పేరుకుని ఉంది. ముందు కుడి స్ట్రట్‌కి (ముందు చక్రాల దగ్గర షాకు, స్ప్రింగు కలిసి ఉండే భాగం) పైభాగంలో సన్నటి చెమ్మ మాత్రమే ఉంది. అది లీకు కాదన్నాడు మేస్త్రి. రాడ్డు లోపలికీ బయటికీ తిరిగేటప్పుడు సీలుని తడపడానికి ఆ మాత్రం నూనె పట్టుకొస్తుంది. కారి, బొట్టు కట్టి, దుమ్ము ముద్దయితేనే లీకు. ముందు ఎడమ స్ప్రింగు కింది చుట్టు దగ్గర మాత్రం ఇద్దరం కాసేపు ఆగాం. రంగు పూర్తిగా ఊడి, తీగ మీద తుప్పు తిన్న చిన్న చిన్న గుంటలున్నాయి. స్ప్రింగులు విరిగేది ఎక్కువగా అక్కడే. విరిగిన కొన టైరులో గుచ్చుకుంటే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

జనవరి 26, ఆదివారం

ఈ రోజంతా ఏవి కొనాలన్న ఆలోచనే. నాకొచ్చిన సలహాలు ఒక్కొక్కటే.

మా బాబాయి కొడుకు ఫోన్ చేసి "అన్నా, ఎలాగూ విప్పుతున్నావు కదా, ఒక చుట్టు కోయించెయ్, కారు భలే ఉంటది" అన్నాడు. వాడికి ఓపిగ్గా చెప్పాను. కాయిల్ స్ప్రింగు అంటే మెలిపడే పొడవాటి తీగ. చుట్లు ఎన్ని ఎక్కువుంటే అంత మెత్తన, ఎన్ని తగ్గితే అంత గట్టిదనం. ఆరు చుట్లు పనిచేసే చోట ఒకటి కోస్తే గట్టిదనం అయిదో వంతు పెరుగుతుంది. పైగా కారు కిందికి దిగుతుంది కాబట్టి బంప్ స్టాపర్‌కి (చివర్లో దెబ్బ కాచుకునే రబ్బరు దిమ్మ) తగిలేలోపు ఉన్న ప్రయాణం తగ్గుతుంది. కోసిన కొన స్ప్రింగు సీటులోని గాడిలో సరిగ్గా కూర్చోదు. గ్యాస్ కట్టర్‌తో కోస్తే ఆ వేడికి ఉక్కు పదును కూడా పోతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చడం కుదరదన్నది మరో మాట. వాడు విన్నాడు. వాడి కారు విషయంలో కూడా వింటాడని ఆశ.

ఆఫీసులో ఒకాయన వెనక స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టించమన్నారు. చవక, అరగంట పని, బస్తాలు వేసినా కారు కుంగదు. నిజమే, కుంగదు. కానీ రబ్బరు ఇరికిన చోట ఆ చుట్టు పనిచేయడం మానేస్తుంది. అంటే పని చేసేవి తగ్గి మిగతావాటి మీద భారం పెరుగుతుంది. స్ప్రింగు గట్టిపడుతుంది, షాకు మాత్రం పాత గట్టిదనానికి తగ్గట్టు చేసినదే. గట్టి స్ప్రింగు తోసినప్పుడు వెనక్కి పట్టుకునే బలం దానికి చాలదు. ఖాళీ కారులో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి ఎగిరెగిరి పడ్డట్టుంటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు మా కారులో తిరిగేది నేనూ అమ్మా, ఆసుపత్రికో గుడికో. సంక్రాంతి బస్తాల కోసం ఏడాదంతా అమ్మ నడుముని ఇబ్బంది పెట్టలేను.

మూడో సలహా రీకండిషన్. ఆటోనగర్‌లో షాకుకి చిన్న రంధ్రం పెట్టి, పాత నూనె తీసి, కొత్తది పోసి, వెల్డింగ్ చేసి ఇస్తారు. ఖర్చు చాలా తక్కువ. దీని గురించి మేస్త్రి చెప్పిన పోలిక బాగుంది: గ్యాస్ పోయిన షాకు గోలీ సోడా లాంటిది, ఊపితే నురగే. ఈ కాలపు ట్విన్ ట్యూబ్ షాకుల్లో నూనె పైన తక్కువ ఒత్తిడిలో నైట్రోజన్ ఉంటుంది. అది నూనెను నొక్కిపట్టి నురగ రాకుండా చూస్తుంది. రంధ్రం పెట్టగానే ఆ ఒత్తిడి పోతుంది. కొత్త నూనె పోసినా నాలుగు గుంతల తర్వాత నురగ కడుతుంది, బుడగలు వాల్వులోంచి ఏ అడ్డూ లేకుండా జారిపోతాయి. మొదటి పది నిమిషాలు కొత్తదానిలా, తర్వాత పాతదానిలా ఉంటుంది.

అసలైన ఎంపిక ఇక కొత్తవాటిలో. బిల్‌స్టీన్ బీ6 లాంటి మోనోట్యూబ్ షాకుల గురించి చదివి నాకూ మనసు లాగింది. ఒకే గొట్టం, నూనెకీ అధిక ఒత్తిడి గ్యాస్‌కీ మధ్య తేలే పిస్టన్, వేడి నేరుగా బయటికి పోతుంది. ఘాట్ రోడ్లలో వేగంగా నడిపేవాళ్లకి చాలా మంచి వస్తువు. కానీ ఆ గ్యాస్ ఒత్తిడి వల్ల చిన్న చిన్న గతుకులు కొంచెం గరుకుగా తెలుస్తాయి. నాకు కావలసింది 50, 60 వేగంలో సాఫీగా పోవడం. ఖర్చు కూడా నాలుగైదింతలు. గ్యాబ్రియేల్, మన్రో లాంటి కంపెనీల షాకులు మన ఊళ్లలోనే దొరుకుతాయి. మేస్త్రి చాలా కార్లకి గ్యాబ్రియేల్ వేశానన్నాడు. చివరికి నేను ఆగింది మారుతి జెన్యూన్ దగ్గర. కారణం ఒక్కటే: స్ప్రింగులు కూడా మారుస్తున్నాను. ఈ స్ప్రింగుకి ఈ షాకు అని ఒకే చోట లెక్కకట్టి చేసిన జత కావాలి. షాకు ఒక కంపెనీది, స్ప్రింగు ఇంకో కంపెనీది తెచ్చి ఆ రెండిటికీ పొత్తు కుదురుతుందో లేదో చూసే ప్రయోగం అమ్మ మీద చేయను.

స్ప్రింగులు కూడా ఎందుకు అంటే, చాలామంది 'మెత్తబడ్డాయి' అంటారు. ఉక్కు మెత్తబడదు. స్ప్రింగు గట్టిదనం తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య మీద ఆధారపడుతుంది, ఏళ్లు గడిచినా అవేమీ పెద్దగా మారవు. మారేది ఎత్తు. ఏళ్ల తరబడి నొక్కుకుపోయి కొంచెం శాశ్వతంగా కుంగుతుంది. కుంగినంత మేర ప్రయాణం తగ్గుతుంది, అప్పుడే ఆ 'దబ్'. ఈ మాట నిజమో కాదో నా 62 అంకెతో తేలుతుంది. కొత్త స్ప్రింగులు వేసి అదే బరువు పెడితే దాదాపు అంతే కుంగాలి, కాకపోతే ఎక్కువ ఎత్తు నుంచి మొదలవ్వాలి.

ఫిబ్రవరి 1, శనివారం

విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. లారీ బాడీలు కట్టే చోట్లు, లేత్ మిషన్లు, వెల్డింగ్ మెరుపులు దాటుకుని స్పేర్ పార్టుల వీధిలోకి వెళ్తే గంటలు తెలియకుండా గడిచిపోతాయి. నాకు ఆ వీధి చాలా ఇష్టం.

కొనే ముందు ఆర్సీ పట్టుకెళ్లి ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబర్లు రాయించుకోవాలి. స్విఫ్ట్ అని చెబితే చాలదు. ఏ సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నది ముఖ్యం. ఈ తరం స్విఫ్ట్‌లో డీజిల్ కారు పెట్రోలు కారు కన్నా దాదాపు వంద కిలోలు బరువు, అందులో ఎక్కువ భాగం ముందే. ముందు స్ట్రట్‌లు ఎడమదీ కుడిదీ వేరు, ఎందుకంటే లింక్ రాడ్డు (కారు ఒరగకుండా చూసే అడ్డకడ్డీకి స్ట్రట్‌ని కలిపేది), బ్రేకు గొట్టం తగిలించే చెవులు అటూ ఇటూ తిరిగి ఉంటాయి.

కొన్నవి: ముందు స్ట్రట్‌లు జత, వెనక షాకులు జత, ముందు స్ప్రింగులు జత, వెనక స్ప్రింగులు జత, స్ట్రట్‌ని పైన బాడీకి పట్టి ఉంచే ముందు మౌంటింగులు బేరింగులతో సహా రెండు, బంప్ స్టాపర్లు, రాడ్డుకి దుమ్ము తగలకుండా కప్పే డస్ట్ బూట్లు, వెనక స్ప్రింగుల రబ్బరు సీట్లు. ఒకే ఇరుసుకి రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే బ్రేకు కొట్టినప్పుడు కారు ఒక పక్కకి లాగుతుంది. మౌంటింగులు, బూట్లు చిన్న ఖర్చు. వాటి కోసం మళ్లీ అదంతా విప్పడం పెద్ద ఖర్చు.

ముందు స్ప్రింగులు మొదటి కొట్టులో లేవు. పక్క వీధిలో ఇంకో కొట్టులో దొరికాయి. "డీజిల్‌కేనా అండీ?" అని అడిగితే "స్విఫ్ట్‌కి అన్నీ ఒకటే సార్" అన్నాడు. పెట్టె మీద చీటీ చిరిగిపోయి ఉంది. సాయంత్రమైపోతోంది, తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇంట్లో అన్నీ నేల మీద పరిచి చూస్తున్నాను. కొత్త ముందు స్ప్రింగు మీద రంగు గుర్తు వేరు. కారు కింద దూరి పాతదాని మీద మట్టి తుడిచి చూస్తే దాని గుర్తు ఇంకో రంగులో ఉంది. స్ప్రింగులన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, ఏది ఏ రకం కారుదో తెలియడానికి ఫ్యాక్టరీలో ఈ రంగు చుక్కలు వేస్తారు.

అనుమానం వచ్చి సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పెట్టాను. కొత్తదాని తీగ 12.0 మిల్లీమీటర్లు. పాతదాన్ని రంగు నిలిచి ఉన్న చోట కొలిస్తే 12.4. చుట్ల సంఖ్య ఒకటే, వెడల్పు ఒకటే. అరమిల్లీమీటరు కూడా లేదు కదా, ఏముందిలే అనుకుంటాం. కానీ స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 12.4ని 12తో భాగించి దాని నాలుగో ఘాతం కట్టండి, 1.14 వస్తుంది. నా కారుకి ఉండాల్సిన దానికన్నా 12 శాతం మెత్తటి స్ప్రింగు అది, బరువైన డీజిల్ ఇంజను కింద. కారు ముక్కు దించుకుని ఉండేది, బ్రేకు కొట్టినప్పుడల్లా ఇంకా వంగేది. కొత్తవి వేశాక కూడా ఇలా ఉందేమిటని నెలల తరబడి తల పట్టుకునేవాడిని.

చాలా కోపం వచ్చింది. కొట్టువాడి మీదే కాదు, చిరిగిన చీటీ చూసి కూడా డబ్బులిచ్చిన నా మీద కూడా.

ఫిబ్రవరి 8, శనివారం

మళ్లీ విజయవాడ. వెర్నియర్ కూడా పట్టుకెళ్లాను. కౌంటర్ మీద స్ప్రింగు పెట్టి కొలిచి చూపించాక మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుని డబ్బులిచ్చాడు. వేరే కొట్టులో ఛాసిస్ నంబరు చెప్పి, పార్ట్ నంబరు ఉన్న పెట్టె సీలు నా ముందే తెరిపించి, రంగు గుర్తు, తీగ మందం రెండూ చూసుకుని కొన్నాను. 12.4. బస్సులో ఆ రెండు స్ప్రింగులు ఒళ్లో పెట్టుకునే వచ్చాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

వెనకవి ఇంటి దగ్గర నేనే చేశాను. స్విఫ్ట్ వెనక టార్షన్ బీమ్, అంటే వెనక చక్రాలు రెండిటినీ కలిపే అడ్డ దూలం. స్ప్రింగు వేరుగా, షాకు వేరుగా ఉంటాయి. స్ప్రింగుని నొక్కిపట్టే కంప్రెసర్ అవసరం లేదు కాబట్టి ఇంట్లో చేయగలిగిన పని.

ముందు రోజు రాత్రే బోల్టులకి డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేశాను. పొద్దున ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు పెట్టి, వెనక జాకీతో లేపి, బాడీ కింద స్టాండ్లు పెట్టాను. ఇటుకలు, రాళ్లు పెట్టి కారు కింద దూరేవాళ్లని చూస్తే నాకు ప్రాణం పోతుంది. బరువుకి ఇటుక చెప్పకుండా పగిలిపోతుంది, దయచేసి ఆ పని చేయకండి.

జాకీని బీమ్ కింద ఆనించి, రెండు షాకుల కింది బోల్టులు విప్పి, బీమ్‌ని నెమ్మదిగా దించాలి. ఈ దించేటప్పుడు కళ్లు బ్రేకు గొట్టం మీద ఉండాలి. అది బిగుసుకుంటోందనిపించగానే ఆపేయాలి. నాకు అంతకుముందే స్ప్రింగులు వదులై చేతికొచ్చేశాయి.

పాత ఎడమ షాకుని నిలబెట్టి రాడ్డు నొక్కితే మొదటి మూడు సెంటీమీటర్లు వెన్నలో కత్తిలా దిగింది. లోపలే ఉండిపోయింది, పైకి రాలేదు. కొత్తది బలంగా నొక్కితేనే దిగింది, వదిలితే నిదానంగా తనంత తానే పైకొచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలిద్దరి చేతా నొక్కించాను. మా చిన్నది పాతదాన్ని చూసి "ఇది నిద్రపోయింది నాన్నా" అంది.

బంప్ స్టాపర్లయితే ముట్టుకోగానే పొడి పొడిగా రాలాయి. ఆ రోజు కల్వర్టు దగ్గర 'దబ్' అని తగిలింది ఇనుముకి ఇనుమే.

కొత్త షాకులు బిగించే ముందు నిటారుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగాలి. గోడౌన్‌లో పడుకోబెట్టి ఉంచుతారు కాబట్టి లోపలి గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది, అది బయటపడాలి. స్ప్రింగు కొన రబ్బరు సీటు గాడిలో ఆనిందా లేదా వేలితో తడిమి చూసుకున్నాను. షాకుల కింది బోల్టుల్ని చేత్తో బిగించి వదిలేసి, కారుని చక్రాల మీదకి దించాక మాన్యువల్ అంకెకి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించాను. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్ ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది, కారు దిగగానే మెలిపడి, కొద్ది నెలల్లో చిరుగుతుంది. చాలామంది వదిలేసే పని ఇదొక్కటే.

పొద్దున ఏడుకి మొదలుపెట్టి ఒంటిగంటకి లేచాను.

ఫిబ్రవరి 15, శనివారం

ముందువి మేస్త్రి షెడ్డులో. ఇక్కడ స్ప్రింగు స్ట్రట్ చుట్టూనే నొక్కుకుని ఉంటుంది. దాన్ని నొక్కిపట్టి పై నట్టు విప్పాలి. అది జారితే మనిషి ముఖం మిగలదు. మేస్త్రి దగ్గర నేలకి బిగించిన ప్రెస్ ఉంది. ఇంటి దగ్గర కొక్కేల కంప్రెసర్‌తో చేయొచ్చని ధైర్యం చెప్పినవాళ్లున్నారు, నేను చేయలేదు.

నేను సాయం మాత్రమే. అయినా రెండు విషయాల్లో పట్టుబట్టాను. ఒకటి, కొత్త రాడ్డుని ప్లయరుతో పట్టుకోకూడదు. ఆ మెరిసే పూత మీద ఒక్క గీత పడితే అది సీలుని రోజూ కోస్తుంది. రెండు, కింద చక్రాన్ని పట్టుకునే నకల్‌కి బిగించే రెండు బోల్టుల స్థానం విప్పకముందే పెయింటుతో గుర్తు పెట్టాలి. మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటే వట్టి షాకు కాదు, చక్రం ఏ కోణంలో నిలబడాలో చెప్పే స్తంభం కూడా అదే. ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో జనరల్ మోటార్స్‌లో చౌక కారు కోసం దీన్ని ఆలోచించాడు, ఆ కారు ఆగిపోయాక ఫోర్డ్‌కి వెళ్లి అక్కడ పూర్తి చేశాడు. చక్రాన్ని పై నుంచి పట్టుకునే ఇంకో ఆర్మ్ అక్కర్లేదు, చోటు కలిసొస్తుంది, ఖర్చు తక్కువ. ఈ రోజు మన చిన్న కార్లు దాదాపు అన్నిటి ముందు భాగం దాని మీదే నిలబడుతోంది. అందుకే స్ట్రట్ మార్చిన ప్రతిసారీ చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ తప్పనిసరి.

పాత మౌంటింగ్ బేరింగులు చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు తిరిగాయి. స్టీరింగు తిప్పినప్పుడు వచ్చే 'టంగ్' చప్పుడు వీటిదే. బేరింగు పట్టేస్తే స్ప్రింగు మెలి తిరిగి ఒక్కసారిగా జారుతుంది.

సాయంత్రం అలైన్‌మెంట్ చేయించాను. ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) బాగా పక్కకి పోయి ఉంది, సరిచేశారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

కొలతలు. ఖాళీ కారు: ముందు ఎడమ 368, కుడి 368. వెనక 385, 384.

మళ్లీ అందర్నీ ఎక్కించి, బియ్యం బస్తాలు రెండే మిగిలాయి కాబట్టి మిగతా బరువుకి నీళ్ల టిన్నులు పెట్టి కొలిచాను. వెనక 325. అంటే 60 కుంగింది. పాత స్ప్రింగులకి 62, కొత్తవాటికి 60. టేపు పట్టుకున్న చేతి తేడా అంత ఉంటుంది. పన్నెండేళ్ల స్ప్రింగు మెత్తబడలేదు, 14 మిల్లీమీటర్లు కుంగిందంతే. నిండు బరువుతో కూడా ఇప్పుడు పాతదానికన్నా 16 మిల్లీమీటర్ల ప్రయాణం అదనంగా మిగిలింది. ఈ లెక్క సరిపోయినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను, సెల్లార్‌లో ఒక్కడినే నవ్వుకున్నాను.

నాలుగు చక్రాలకీ షాకులు, స్ప్రింగులు, చిన్న సామాన్లు, మేస్త్రి కూలి, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 19,300 రూపాయలు అయింది.

ఫిబ్రవరి 22, శనివారం

వారం నడిపాను. బ్రేకు కొడితే ముక్కు వంగడం బాగా తగ్గింది. స్పీడు బ్రేకర్ దిగాక ఒక్కసారికే కారు స్థిరపడుతోంది. కానీ 20, 30 వేగంలో చిన్న గతుకుల మీద ముందు ఎడమ నుంచి 'టక్ టక్' అని కొత్త చప్పుడు. రెండు రోజులు టెన్షన్ పడ్డాను, స్ట్రటే లోపం అనుకున్నాను.

మేస్త్రి కారు లేపలేదు. చక్రాలు నేల మీదే ఉంచి, పడుకుని లింక్ రాడ్డుని పట్టుకుని గట్టిగా ఊపాడు. బాల్ జాయింట్ వదులుగా ఉంది. ఒక పక్క లేపి చక్రం వేలాడుతుంటే ఆ రాడ్డు ఒక వైపుకి బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఆ ఆట తెలియదు. ఇన్నాళ్లూ పెద్ద చప్పుళ్ల కింద ఇది వినపడలేదు. రెండు వైపులా లింక్ రాడ్లు మార్చాం. చప్పుడు పోయింది.

మార్చి 9, ఆదివారం

శివరాత్రి తిరునాళ్ల రద్దీ అంతా అయిపోయాక అమ్మని కోటప్పకొండ తీసుకెళ్లాను. ప్రభలు వచ్చే రోజు వెళ్దామంది గానీ ఆ జనంలో ఆమె నడవలేదు. కొండ మీదికి ఘాట్ రోడ్డు మలుపుల్లో కారు ఇదివరకట్లా ఒరగడం లేదు. దిగేటప్పుడు రెండో గేరులో, బ్రేకు మీద తక్కువ ఆధారపడి దిగాను. దర్శనం బాగా అయింది. నరసరావుపేట దాటాక రోడ్డు పాడైన చోట అద్దంలో చూశాను. శాలువా మడత విప్పి భుజాల మీద కప్పుకుంది.

మార్చి 30, ఉగాది

ఊరికి వెళ్లొచ్చాం. అయిదుగురం, డిక్కీ నిండా సామాను. అదే కల్వర్టు మీద, అదే వేగంలో పోయాను. వెనక తగల్లేదు. ఊళ్లో మా పెదనాన్న వెనక సీట్లో కూర్చుని చెరువు దాకా వచ్చి "కొత్త కారు కొన్నావేంట్రా?" అన్నారు.

కొత్తవి వేశాక ఇప్పటికి 1,150 కిలోమీటర్లు. తిరిగొచ్చాక మళ్లీ కొలిచాను. ముందు 364, 364. వెనక 381, 381. మొదటి రోజుల్లో కొత్త స్ప్రింగులు, రబ్బరు సీట్లు ఇలా మూడు నాలుగు మిల్లీమీటర్లు సర్దుకోవడం మామూలే. ఎడమా కుడీ సమానంగా ఉన్నాయి. ఎత్తు మారింది కాబట్టి వచ్చే శనివారం అలైన్‌మెంట్ ఇంకోసారి చూపిస్తాను. అలలు పడ్డ వెనక టైరు హోరు మాత్రం అలాగే ఉంది, అది రబ్బరులో పడిపోయిన ఆకారం, షాకు మార్చినంత మాత్రాన పోదు. వర్షాలు మొదలయ్యేలోపు వెనక రెండు టైర్లూ మార్చాలి. పాత ముందు ఎడమ స్ప్రింగుని మేస్త్రి అడిగి తీసుకున్నాడు, కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లకి ఆ కింది చుట్టు చూపించడానికి.